మోకాలి లిగమెంట్ ఆపరేషన్: కంప్యూటర్ ఏం చూపిస్తుంది, ఏం చూపించలేదు

(విజయనగరంలో క్రీడాకారులు, వ్యాయామ ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఆర్థోపెడిక్ సర్జన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు మానుకుని వచ్చిన పీఈటీలకు, కోచ్‌లకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు కృతజ్ఞతలు. వెనక నిలబడ్డ కుర్రాళ్లు ముందున్న ఖాళీ కుర్చీల్లోకి రండి. మోకాలు దెబ్బతిన్నవాళ్లు కాలు చాపుకునే కూర్చోండి, మొహమాటపడకండి.

మోకాలి ఎముకల్ని కలిపి పట్టుకునే గట్టి పట్టీయే లిగమెంట్. అది తెగితే చేసే ఆపరేషన్‌లో కంప్యూటర్ నావిగేషన్ గురించి, అంటే ఎముకలో ఎక్కడ తొలవాలో కంప్యూటర్ తెర మీద చూసుకుంటూ చేసే పద్ధతి గురించి చెప్పమన్నారు. ఓపీలో ఈ ప్రశ్న తరచూ వస్తోంది. "కంప్యూటరు పెట్టి చేస్తే కాలు మునపటిలాగే అయిపోద్దట కదా బాబూ" అని అడుగుతారు. ఆ మిషను ఉన్నచోటే చేయించాలని అప్పులకు తిరుగుతున్నవాళ్లు ఉన్నారు, పొలం బేరం పెట్టినవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ మిషను ఏం చేస్తుందో, ఏం చేయలేదో మీకు విడమరచి చెప్పాలని వచ్చాను.

ముందు ఒక గందరగోళం తీర్చేస్తాను. హోర్డింగుల మీద మీరు చూసే రోబో బొమ్మలు ఎక్కువగా మోకీలు మార్పిడికి సంబంధించినవి. అరిగిపోయిన కీలు ఉపరితలాన్ని తీసేసి లోహపు భాగాలు అమర్చే ఆపరేషన్ అది, సాధారణంగా పెద్ద వయసువాళ్లకు. ఇవాళ మనం మాట్లాడుకునేది ఆటల్లో, పరుగులో, బైకు మీంచి పడినప్పుడు తెగిపోయే లిగమెంట్ గురించి. రెండూ మోకాలివే కానీ ఆపరేషన్లు వేరు, లెక్కలు వేరు.

మన ప్రాంతానికి ఇది దూరపు విషయం కాదు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు పుట్టింది వీరఘట్టంలో. ఆమదాలవలస దగ్గర పెరిగిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీలో ఒలింపిక్ కాంస్యం గెలిచారు. ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న కొండవెలగాడలో ఆడపిల్లలు బరువులెత్తుతారు. సంక్రాంతికి ఊరూరా కబడ్డీ ఉంటుంది. తెల్లారుజామున రోడ్ల మీద చూడండి, ఆర్మీ సెలక్షన్ల 1600 మీటర్ల పరుగు కోసం కుర్రాళ్లు ప్రాక్టీసు చేస్తుంటారు. ఇంతమంది ఇలా శరీరాన్నే నమ్ముకున్నచోట మోకాలు పోయిందంటే చాలా ఇళ్లలో ఉద్యోగం ఆశ కూడా పోయినట్టే.

మోకాలి మధ్యలో రెండు లిగమెంట్లు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ ఉంటాయి. వాటిలో ముందుది ఏసీఎల్ (యాంటీరియర్ క్రూసియేట్ లిగమెంట్). సుమారు 3 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ఉంటుంది, అంతే. తొడ ఎముక లోపలి గోడ నుంచి బయల్దేరి, ముందుకూ కిందికీ వచ్చి, కింది కాలి ఎముక మీద అతుక్కుంటుంది. కింది ఎముక ముందుకు జారకుండా ఆపడం, మనం గిర్రున తిరిగినప్పుడు మోకాలు మెలిక పడకుండా పట్టుకోవడం దాని పని. ఈ రెండో పని ముఖ్యం, గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

కబడ్డీలో రైడర్ పాదం నేలలో నాటుకుని ఉండగానే ఒళ్లు తిప్పుతాడు. టక్ మని శబ్దం వస్తుంది. గంటల్లో మోకాలు ఉబ్బుతుంది, లోపల రక్తం చేరుతుంది కాబట్టి. ఇంట్లోవాళ్లు పసరు కట్టు కట్టిస్తారు. రెండు మూడు వారాలకు వాపు తగ్గుతుంది, నడక వస్తుంది, కట్టు పనిచేసిందనుకుంటారు. నిజానికి వాపు దానంతట అదే తగ్గింది, లిగమెంట్ తెగే ఉంది. ఆ కుర్రాడు మళ్లీ గ్రౌండ్‌లో దిగి ఒక్కసారి పక్కకు తిరగ్గానే మోకాలు జారుతుంది. అలా జారిన ప్రతిసారీ లోపల రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలిగి చిరిగే ప్రమాదం ఉంది. పదేళ్ల తర్వాత వచ్చే మోకాలి అరుగుదలకు చాలామందిలో పునాది అక్కడే పడుతుంది.

తెగిన ఏసీఎల్‌ను కుట్టి సరిచేయాలని డాక్టర్లు ఎప్పటినుంచో ప్రయత్నిస్తున్నారు. 1895లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ అనే సర్జన్ ఒక గని కార్మికుడికి ఈ లిగమెంట్లను కుట్టారు. కుట్టడం మాని, శరీరంలో మరోచోటి నుంచి తెచ్చి కొత్త లిగమెంట్ వేసే పద్ధతిని 1917లో హే గ్రోవ్స్ అనే మరో సర్జన్ చూపించారు. ఇప్పుడు మనం చేసేదీ అదే. తొడ వెనక ఉన్న హామ్‌స్ట్రింగ్ కండరాల నుంచో, మోకాలి చిప్ప కింది నుంచో ఒక స్నాయువు తీసి, దాన్ని గ్రాఫ్ట్‌గా, అంటే కొత్త లిగమెంట్‌గా తయారుచేస్తాం. చిన్న గాట్ల ద్వారా కెమెరా పెట్టి, పై ఎముకలో ఒకటి, కింది ఎముకలో ఒకటి సొరంగం తొలిచి, గ్రాఫ్ట్‌ను అందులోంచి లాగి బిగిస్తాం.

చూడ్డానికి ఇంతే. కానీ ఈ ఆపరేషన్ ప్రాణమంతా ఆ సొరంగాలు ఎక్కడ తొలిచామన్నదాంట్లో ఉంది. తలుపుకు బందు బిగించేటప్పుడు వడ్రంగి కాస్త అటూఇటూ బిగించాడనుకోండి. తలుపు మూసుకుంటుంది, తెరుచుకుంటుంది, మొదట్లో ఏ తేడా తెలీదు. రోజూ గడపకు రాసుకుని రాసుకుని కొన్నాళ్లకు మేకులే ఊడొస్తాయి. గ్రాఫ్ట్ సంగతీ అంతే. పై ఎముకలో సొరంగం ఉండాల్సిన చోటు కంటే ముందుకు పడితే, మోకాలు వంచిన ప్రతిసారీ గ్రాఫ్ట్ మీద లాగుడు పడుతుంది. అప్పుడు మోకాలు పూర్తిగా వంగకపోవచ్చు, లేదా గ్రాఫ్టే సాగిపోతుంది. కింది సొరంగం మరీ ముందుకు పడితే, కాలు చాపినప్పుడు గ్రాఫ్ట్ పై ఎముక కప్పుకు, అంటే ఆ ఎముక చివర మధ్యలో ఉండే గుంత పైభాగానికి గుద్దుకుంటుంది. రెండింటిలో పై ఎముక సొరంగంలో వచ్చే తేడాయే గ్రాఫ్ట్ సాగుడు మీద ఎక్కువ ప్రభావం చూపిస్తుంది. మొదటి ఆపరేషన్ ఫెయిలై రెండోసారి చేయాల్సి వచ్చినవాళ్లను పరిశీలిస్తే, చేసిన పద్ధతిలో కనిపించే లోపాల్లో మొదటిది ఇదే, పై సొరంగం తప్పుచోట పడటం.

అసలు కష్టం ఏమిటంటే, కెమెరాలో లోపల అంతా ఒకటే తెల్లదనం. తొడ ఎముక గోడ మీద ఒక చిన్న గట్టు ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ గట్టునే వెనక అంచు అని పొరబడి, సొరంగాన్ని ముందుకు తొలిచేస్తారు. అది ఎంత మామూలైన పొరపాటంటే, ఆ గట్టుకు రెసిడెంట్స్ రిడ్జ్ అనే పేరే పడిపోయింది. రెసిడెంట్ అంటే నేర్చుకుంటున్న డాక్టర్.

ఇదిగో, ఈ తప్పు జరగకుండా కంప్యూటర్ సాయం తీసుకుంటే ఎలా ఉంటుందని ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నగరంలో ఇంజినీర్లు, సర్జన్లు కలిసి పనిచేశారు. ఏసీఎల్ ఆపరేషన్‌లో నావిగేషన్ వాడి చూసిన తొలి ఫలితాలను వాళ్లు 1995లో ప్రచురించారు. ఆనాటికి మోకీలు మార్పిడిలో కూడా నావిగేషన్ ఇంకా రాలేదు.

ఆ ఆపరేషన్ ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూపిస్తాను. థియేటర్‌లో టేబుల్‌కు ఒక పక్కగా స్టాండు మీద ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంటుంది. తొడ ఎముకలోకి, కింది కాలి ఎముకలోకి సన్నటి పిన్నులు బిగిస్తాం. ఒక్కో పిన్ను మీద ఒక చిన్న ఫ్రేము, దాని మీద కాంతిని వెనక్కి పంపే తెల్లటి గుండ్రటి బంతులు ఉంటాయి. కెమెరా ఆ బంతుల్ని చూస్తూ, ఏ ఎముక ఎక్కడుందో, ఎటు తిరిగిందో క్షణక్షణం లెక్కవేస్తుంది. సర్జన్ చేతిలోని మొనదేలిన పరికరానికి కూడా అలాంటి బంతులే ఉంటాయి. ఆ మొనతో నేను మోకాలి లోపల ఒక్కో గుర్తును తాకుతాను. చీలమండ దగ్గర రెండు పక్కలా, కింది ఎముక పైభాగం, పై ఎముక గోడ, దాని కప్పు, వెనక అంచు. నేను తాకిన బిందువులతోనే కంప్యూటర్ తెర మీద ఆ మనిషి మోకాలి బొమ్మ కడుతుంది. స్కాన్ అవసరం లేదు.

తర్వాత మోకాలిని పూర్తిగా చాపి, నెమ్మదిగా వంచుతాం. సొరంగం ఇక్కడ తొలిస్తే, చాపినప్పటికీ వంచినప్పటికీ మధ్య గ్రాఫ్ట్ ఎన్ని మిల్లీమీటర్లు సాగాల్సి వస్తుందో తెర మీద అంకె కనిపిస్తుంది. మొనను కొంచెం వెనక్కి జరిపితే అంకె మారుతుంది. కప్పుకు గుద్దుకుంటుందా లేదా అన్నదీ చూపిస్తుంది. ఇదంతా డ్రిల్లు పెట్టకముందే. ఎముక తొలిచేశాక తెలుసుకోవడానికీ, తొలవకముందే తెలుసుకోవడానికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి. నాకు ఈ విద్యలో బాగా నచ్చిన భాగం ఇది. ఆ అంకె కదలడాన్ని చూసిన యువ సర్జన్ ఎవరూ సొరంగం విషయంలో తర్వాత అశ్రద్ధగా ఉండలేరు.

ఒక బంతి మీద రక్తం చుక్క పడిందనుకోండి. కెమెరాకు అది కనిపించదు, తెర మీద ఎముక మాయమవుతుంది. తడి గాజుగుడ్డతో తుడవాలి. నర్సమ్మ కెమెరాకు అడ్డంగా నిలబడినా అంతే. ఇవి చిన్నవి. పెద్ద ప్రమాదం ఏమిటంటే, పనిలో చెయ్యి తగిలి పిన్ను కాస్త కదిలితే కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియకపోవచ్చు. అది అదే ధీమాగా తప్పు అంకె చూపిస్తూ పోతుంది. మొదట్లో నేను గుర్తును తప్పుగా తాకినా, ఆ తప్పు మీదే లెక్క కడుతుంది. అంటే మోకాలి నిర్మాణం తెలియని చేతికి ఈ మిషను తెలివి ఇవ్వదు, తెలిసిన చేతికి కొలత ఇస్తుంది.

ఇంకో సంగతి ఉంది, ఇది డాక్టర్లలో కూడా అందరూ పట్టించుకోరు. 1990ల్లో సర్జన్లు వెతికిన చోటు ఏది? మోకాలు చాపినా వంచినా గ్రాఫ్ట్ పొడవు మారని చోటు. కంప్యూటర్ ఆ చోటిని చక్కగా వెతికి పెట్టేది. కానీ మనకు పుట్టుకతో ఉన్న ఏసీఎల్ అలా ఉండదు. దాంట్లో రెండు పాయలున్నాయి, వంచినప్పుడు ఒకటి బిగుస్తుంది, చాపినప్పుడు మరొకటి బిగుస్తుంది. జర్మనీకి చెందిన వెబర్ సోదరులు ఈ విషయాన్ని 1836లోనే రాసిపెట్టారు. పొడవు మారని చోటనో, పైకి నిలువుగానో గ్రాఫ్ట్ వేసిన మోకాళ్లు ముందుకు జారడం మానేశాయి కానీ, తిరిగేటప్పుడు మెలిక పడటం చాలామందిలో ఆగలేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న రెండో పని ఇదే. అందుకే తర్వాత్తర్వాత సర్జన్లు పాత లిగమెంట్ అతుక్కుని ఉన్నచోటనే కొత్తది వేయడం మొదలుపెట్టారు. మిషను మారలేదు, మనం దాన్ని ఎక్కడికి తీసుకెళ్లమంటున్నామన్నది మారింది. వెళ్లాల్సిన చోటే తప్పైతే, మిల్లీమీటరు తేడా లేకుండా తప్పుచోటికే చేరుస్తుంది.

సరే, ఫలితాల మాట. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 2014 సమీక్ష, నావిగేషన్‌తో చేసినవాళ్లను, మామూలుగా చేసినవాళ్లను పోల్చిన ట్రయల్స్‌ను, అంటే రోగుల మీద చేసిన పరీక్షలను ఒకచోట చేర్చి చూసింది. 5 ట్రయల్స్, 366 మంది రోగులు. మోకాలి పనితీరులో రోగికి తెలిసేంత తేడా కనిపించలేదు. మేలు ఉందని గానీ లేదని గానీ తేల్చడానికి ఉన్న ఆధారాలు చాలవన్నారు. ఆపరేషన్ సమయం మాత్రం నావిగేషన్‌తో పెరిగింది. పైగా పిన్నుల కోసం ఎముకలో అదనపు రంధ్రాలు పడతాయి. వాటివల్ల ఇన్ఫెక్షన్ గానీ, ఎముక చిట్లడం గానీ అరుదు, కానీ లేవని చెప్పలేం.

దీన్నిబట్టి నావిగేషన్ పనికిరాదని నేను అనను. అది చేసిన పెద్ద మేలు కొలవడం. చెయ్యి పెట్టి మోకాలిని మెలితిప్పి "జారుతోంది", "జారట్లేదు" అని చెప్పుకునే రోజుల్లో, ఎన్ని మిల్లీమీటర్లు జారుతోంది, ఎన్ని డిగ్రీలు తిరుగుతోంది అని అది లెక్క చెప్పింది. నిలువు గ్రాఫ్ట్ ఎందుకు చాలదో రుజువు చేయడంలో ఆ కొలతలకు వాటా ఉంది. ఆ పాఠం ఇప్పుడు మిషను లేని థియేటర్లలో కూడా సర్జన్ల చేతుల్లో ఉంది. ఒకసారి ఆపరేషన్ ఫెయిలై పాత సొరంగాలు ఇంకా ఉన్న మోకాలు వచ్చినప్పుడు, నిర్మాణం చెదిరిపోయినప్పుడు, నేర్పించేటప్పుడు ఇలాంటి సాయం ఉంటే మంచిదే. మొదటిసారి ఆపరేషన్ చేయించుకునే ఇరవై ఏళ్ల కుర్రాడి కోసం, ఆ మిషను ఉందన్న ఒక్క కారణంతో పొలం అమ్మకండి. ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను.

మరి ఏం అడగాలి? సర్జన్ ఈ ఆపరేషన్లు క్రమంగా చేస్తున్నారా అని అడగండి. మెనిస్కస్ కూడా చిరిగిందా, దాన్ని కుడతారా అని అడగండి. ఆపరేషన్ తర్వాత పక్క నుంచి తీసిన ఎక్స్‌రే మీకూ ఇవ్వమనండి. 1997లో బెర్నార్డ్, హెర్టెల్ బృందం వాళ్లు ఆ ఎక్స్‌రే మీద గళ్లు గీసి సొరంగం చోటు కొలిచే పద్ధతి చెప్పారు. లిగమెంట్ మధ్యభాగం వెనక అంచు నుంచి దాదాపు పావు వంతు దూరంలో, కప్పు నుంచి పావు వంతు కంటే కాస్త కిందికి రావాలి. థియేటర్‌లో సి-ఆర్మ్, అంటే ఆపరేషన్ జరుగుతుండగానే తెర మీద ఎక్స్‌రే చూపించే మిషను ఉంటే, డ్రిల్లు వేసే ముందే ఇది చూసుకోవచ్చు. సి-ఆర్మ్ మన జిల్లాల్లోనూ ఉంది. ఎముకలు సరిచేసే ఏ థియేటర్‌లోనైనా అది రోజూ వాడేదే.

ఇంకోటి, ఏసీఎల్ తెగిన ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ అక్కర్లేదు. స్వీడన్‌లో 121 మంది యువకుల మీద జరిగిన ట్రయల్ తొలి ఫలితాలు 2010లో వచ్చాయి. ముందు మంచి వ్యాయామం చేయించి, అవసరమైతేనే ఆపరేషన్ అన్న వర్గంలో, ఐదేళ్ల తర్వాత కూడా దాదాపు సగం మందికి ఆపరేషన్ అవసరం పడలేదు. మోకాలి పనితీరు మొదట్లోనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లతో సమానంగానే ఉంది. తిరిగే ఆటలు ఆడేవాళ్ల సంగతి వేరు. మోకాలు మాటిమాటికీ జారుతుంటే ఆలస్యం చేయకూడదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన సంగతి, కోచ్‌లూ కాస్త వినండి. గ్రాఫ్ట్ వేసిన మర్నాటి నుంచే బలపడుతూ పోతుందని అందరూ అనుకుంటారు. మొదటి నెలల్లో అది వేసినప్పటి కంటే బలహీనపడుతుంది. దానికి కొత్తగా రక్తనాళాలు రావాలి, అది లిగమెంట్‌గా మారాలి. ఆ సమయంలోనే నొప్పి పోతుంది, కుర్రాడికి హుషారు వస్తుంది, ఊళ్లో టోర్నమెంట్ ఉంటుంది. నార్వేలో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. తొమ్మిది నెలల వరకూ ఆటకు దిగడాన్ని వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ గాయపడే రేటు దాదాపు సగం తగ్గింది. తొడ ముందు కండరం రెండో కాలి బలంతో పోలిస్తే కనీసం 90 శాతానికి రావాలి. ఆరో నెలలో "ఒక్క మ్యాచ్ ఆడరా" అని ఎవరైనా అంటే, పక్కనున్న మీరు ఆపండి.

ఫిజియోథెరపీకి రోజూ టౌనుకు రావడానికి బస్సు చార్జీలూ పనిదినాలూ పోతాయని నాకు తెలుసు. కాలు పూర్తిగా చాపడం, తొడ కండరం బిగించడం, కాలు నిటారుగా లేపడం, ఇవి ఇంట్లో మంచం మీద చేసుకునేవే. ఎలా చేయాలో ఫోన్‌లో వీడియో తీసుకుని వెళ్లండి, రెండు వారాలకోసారి చూపించండి. గొంతుక్కూర్చోవడం, బరువులు మోయడం ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్‌ని అడిగాకే. మిషను కోసం దాచిన డబ్బులో కొంత ఈ చార్జీలకు పెడితే మీ పిల్లాడి మోకాలికి నిజంగా పనికొస్తుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఒకే ఆట ఆడినా మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఏసీఎల్ తెగడం ఎక్కువ. ఆట మాన్పించమని కాదు. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి పడకుండా దిగడం నేర్పాలి. ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా వాళ్ల 11 ప్లస్ లాంటి వార్మప్ పద్ధతులకు పరికరాలేవీ అక్కర్లేదు, ఇరవై నిమిషాలు చాలు. పీఈటీలు స్కూలు గ్రౌండ్‌లో చేయించొచ్చు.

[సభలోంచి ఒక ప్రశ్న: ఆ పిన్నులు లోపలే ఉండిపోతాయా సార్? మా అబ్బాయికి కాల్లో ఇనుము ఉందంటున్నారు.]

మంచిదడిగారమ్మా. నావిగేషన్ పిన్నులు ఆపరేషన్ అయిపోగానే అక్కడే తీసేస్తాం. మీ అబ్బాయికి లోపల ఉన్నది గ్రాఫ్ట్‌ను పట్టుకునే స్క్రూ గానీ చిన్న బటన్ గానీ అయి ఉంటుంది, నావిగేషన్ లేకపోయినా అది వేస్తాం. ఇబ్బంది పెట్టకపోతే దాన్ని అలాగే ఉంచేస్తారు. చాలావరకు ఎంఆర్ఐ తీయడానికి కూడా అడ్డురాదు, స్కాన్‌కు ముందు డిశ్చార్జ్ కాగితం చూపిస్తే చాలు. ఆ కాగితం మీద ఏ గ్రాఫ్ట్ వేశారో, ఏ స్క్రూ వేశారో రాసి ఉంటుంది. పారేయకండి, ఫోటో తీసి ఫోన్‌లో కూడా పెట్టుకోండి.